ఆవిరి వదలని గీత

దయ్యాలకు అద్దె కట్టే పని లేదు, కరెంటు బిల్లు రాదు, అందుకే జనం వాటిని ఊరికే ఇళ్ళలో పెట్టుకుంటారని నేను అంటూ ఉంటాను. నాకు వాటి మీద ఏనాడూ నమ్మకం లేదు. పెళ్ళయిన కొత్తలో పాలకొల్లులో ఒక ఇంట్లో ఎవరో ఉరేసుకున్నారని అద్దెకు ఎవరూ రాలేదు. ఇంటివాళ్ళు అద్దె తగ్గించారు, మేం దిగాం. నా ఇద్దరు పిల్లలూ ఆ ఇంట్లోనే పుట్టారు. అక్కడ దూలం మీద నుంచి బల్లి తప్ప ఇంకేదీ నా మీద పడలేదు.

కాబట్టి ఇది చదివి, ముసలావిడ ఢిల్లీ చలికి మతి తప్పి ఏదో చూసిందనుకోవద్దు. నేను ఐదో తరగతి వరకే చదివాను గానీ, చిన్నప్పటి నుంచి లేసు అల్లినదాన్ని. సన్న దారంలో ఒక్క ముడి తప్పినా నా కంటికి ఆనుతుంది. చూసింది చూసినట్టే రాస్తున్నాను.

మా అబ్బాయి నోయిడాలో ఉద్యోగం, కోడలు గురుగ్రామ్‌లో. మనవరాలు ఆద్యకి ఆరేళ్ళు. అది పుట్టిన దగ్గర్నుంచి నేను ఇక్కడే ఉంటున్నాను. దాని పాలు కాచింది నేను, జ్వరం వస్తే ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది నేను. పెద్దగా అయిందన్న ఫ్రాకు పనికొచ్చేలా మడత వేసి కుట్టిందీ నేనే.

మా వియ్యపురాలు కరీంనగర్‌లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఏటా చలికాలం రెండు నెలలు వచ్చి ఉండేది. డబ్బా నిండా సకినాలు తెచ్చేది. ఆవిడ వంటింట్లోకి వచ్చేది కాదు, నేను రానిచ్చేదాన్నీ కాదు. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని కథలు చెప్పేది, పాటలు నేర్పేది. పది నెలలు నేను చేసిన చాకిరీని ఆవిడ రెండు నెలల్లో చుట్టబెట్టి, పిల్లని సంచిలో వేసుకున్నట్టు తన వైపు పట్టుకుపోయేది. నాకు ఒళ్ళు మండేది. దాన్ని అసూయ అంటే అసూయే అనుకోండి, నేనేం కాదనను.

అసలు పేచీ పిలుపు దగ్గర వచ్చింది. మా గోదావరి వైపు తండ్రి తల్లిని మామ్మ అంటారు. పిల్లకి మాటలు వచ్చే రోజుల్లో నన్ను నేను చూపించుకుని మామ్మ అనమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అది నవ్వి వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తేది. ఇక్కడి పిల్లలందరూ తల్లిని మమ్మా అంటారు, ఇదీ అంతే. దాని లెక్కలో మామ్మా మమ్మా ఒకటే. నేను మామ్మని అన్నప్పుడల్లా, పక్కింటి వస్తువు నాదని అన్నట్టు నా వంక చూసేది.

వియ్యపురాలికి ఇది వినోదం. "మా దిక్కు బాపమ్మ అంటరు వదినా, అది నేర్పుండ్రి, తిరకాసు ఉండది" అనేది. వాళ్ళ వైపు తండ్రి బాపు, బాపు తల్లి బాపమ్మ. నా కొడుకు బిడ్డ నన్ను వాళ్ళ ఊరి మాటతో పిలవడమేమిటని నేను ఒప్పుకోలేదు. ఆవిడ బాపమ్మ అంటే నేను మామ్మ అని దిద్దేదాన్ని. ఇద్దరం లాగుతుంటే, పిల్ల ఎదురు ఫ్లాటు పిల్లల దగ్గర దాదీ అనే హిందీ మాట పట్టుకొచ్చింది. అదే ఖాయమైంది.

ఆవిడకేం, అమ్మమ్మ అనే మాట మా వైపూ వాళ్ళ వైపూ ఒకటే. రెండు నెలలు వచ్చిపోయే మనిషి అచ్చ తెలుగులో అమ్మమ్మ అయింది. ఏడాదంతా ఉన్న నేను దాదీనయ్యాను.

ఇంకో సంగతి చెప్పాలి. అప్పుడు మాకు వేరే కారు ఉండేది. పొద్దున పిల్లని ప్లే స్కూల్లో దింపడానికి ఆవిడ కూడా వెళ్ళేది. చలికి కారు వెనక అద్దమంతా లోపల ఆవిరి పట్టేది. ఆవిడా పిల్లా వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళేసుకుని, ఆ ఆవిరి మీద వేలితో అక్షరాలు రాసేవారు. పంతులమ్మ కదా, ఎక్కడ జాగా కనిపించినా పలకే. ఆవిడ రాయడంలో ఒక తీరు ఉండేది. ముందు మాటలోని గుండ్రాలన్నీ రాసేసి, చివర్న వెనక్కి వచ్చి వరసగా తలకట్లు పెట్టేది. అవి అక్షరానికి అంటకుండా, పైన విడిగా, కుడి పక్కకి ఒరిగి ఉండేవి. ఎగిరిపోబోతున్న పిచ్చుకల్లా ఉన్నాయని మా అబ్బాయి అనేవాడు. నాకైతే పని తొందరలో పడేసినట్టు ఉండేవి.

పిల్లకి మూడేళ్ళు నిండాక, వానాకాలంలో ఆవిడ ఒకసారి ఫోన్ చేసింది. కోడలు స్నానానికి వెళ్తే నేను ఎత్తాను. అవీ ఇవీ మాట్లాడి, "పిల్ల మిమ్ముల దాదీ అంటుంటే నాకు మంచిగ అనిపిస్తలేదు వదినా. వచ్చే చలికాలం నేనొచ్చి బాపమ్మా అని పిలిపిస్త, సూడుండ్రి" అంది.

"మీరు రానక్కర్లేదు. మామ్మా అని నేనే పిలిపించుకుంటాను" అన్నాను.

ఆవిడ నవ్వింది. దసరా ముందు నిద్రలోనే గుండె ఆగి పోయింది. అలా అన్నందుకు నాకు బాధేమీ లేదు. నా మనవరాలి విషయం నేను చూసుకుంటానన్నాను, అంతే. కానీ ఆవిడ పోయాక పోటీ తీరుతుందనుకున్నాను, అదే నా పొరపాటు. ఉన్న మనిషికైతే ఎదురు చెప్పొచ్చు. పోయిన మనిషి ఏం చేసినా మంచిదే అయిపోతుంది. ఆద్య వాళ్ళ అమ్మమ్మ పాత శాలువా పక్కలో పెట్టుకుని పడుకునేది. నేను కొన్న కొత్త శాలువా గుచ్చుకుంటుందని ముట్టుకునేది కాదు.

పాత కారు డీజిలుది. ఇక్కడ పదేళ్ళు దాటిన డీజిలు కారు తిరగనివ్వరు గనక కిందటి ఏడాది అమ్మేశాం. గురుగ్రామ్‌లో ఒకాయన వాడిన కారు మావాడు కొన్నాడు. వియ్యపురాలు ఈ కారులో ఎప్పుడూ కూర్చోలేదు. కారు ఇంటికి రాకముందే ఆవిడ పోయింది. ఇది గుర్తు పెట్టుకోండి.

ఈ కారు వెనక అద్దంలో అడ్డంగా సన్నని గోధుమరంగు గీతలు ఉన్నాయి. ముందు స్విచ్ నొక్కితే ఆ గీతలు వేడెక్కి ఆవిరి పోతుంది. చలి మొదలయ్యాక చూస్తే, అద్దమంతా శుభ్రంగా విడుతోంది గానీ మధ్యలో ఒక పట్టీ మాత్రం, నాలుగు వేళ్ళ వెడల్పున, ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా ఉండిపోతోంది. అక్కడి గీత తెగిందన్నమాట. పాత యజమాని ఏదో స్టిక్కరు అంటించి పీకేసినట్టున్నాడు, జిగురు మరక ఇంకా ఉంది.

ఆ పట్టీ సరిగ్గా డ్రైవరు అద్దంలో చూసే ఎత్తులో ఉంది. అసలే పొగమంచు, పైగా వెనక వచ్చే బండి కనపడకపోతే ఎలా అని మావాడు బెంగపడ్డాడు. షెడ్డుకి తీసుకెళ్తే, గీత బాగు చేయడం కుదరదు, అద్దం మొత్తం మార్చాలన్నారు. గుండీ ఊడితే చొక్కా పారేయమన్నట్టుంది. నేను ఒప్పుకోలేదు.

మావాడు బెంగపడుతుంటే ఆద్య సంబరపడింది. రోజూ నేను వెనక సీట్లో దాని పక్కన కూర్చుని స్కూలుకి వెళ్తాను. పిల్లని గేటు లోపలికి పంపి, తిరిగి వచ్చేటప్పుడు మండీలో కూరలు తెచ్చుకుంటాను. కారు ఎక్కగానే అది వెనక్కి తిరిగి ఆ తెల్ల పట్టీ వంక చూస్తూ కూర్చునేది. బొమ్మ గీయదు, తాకదు, ఊరికే చూస్తుంది. ఒకరోజు నేను కొంగుతో తుడవబోతే నా చెయ్యి పట్టుకుంది.

"దాదీ, మత్ పోంఛో. వో అమ్మమ్మ కే లియే హై."

తుడవొద్దు, అది అమ్మమ్మ కోసమట. ఈ కారు ఆవిడ చూడనైనా లేదని నేను గట్టిగానే చెప్పాను. పిల్ల స్కూలు గేటు దగ్గర నాకు టాటా చెప్పకుండా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నిశ్చయించుకున్నాను, ఈ గీత బాగవ్వాల్సిందేనని. మావాడితో వెనక బండ్లు కనపడవని చెప్పాను. అదీ నిజమే. అసలు సంగతి, ఆ నాలుగు వేళ్ళ జాగా కూడా ఆవిడకి ఉండటం నాకు ఇష్టం లేదు.

మావాడు ఏవో వీడియోలు చూసి ఒక చిన్న సీసా తెప్పించాడు. అందులో వెండి రంగు ఉంది, అది ఎండితే దాంట్లోంచి కరెంటు పారుతుందట. ముందు గీత ఎక్కడ తెగిందో పట్టుకోవాలి. స్విచ్ వేసి, మీటరు నల్ల తీగ కారు ఇనుముకి తగిలించి, ఎర్ర తీగ కొనకు గీత గీసుకోకుండా వెండి కాగితం చుట్టి, గీత మీద మెల్లగా జరిపాడు. మంచి గీత మీద అంకె కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. తెగిన గీత మీద తగ్గకుండా అలాగే ఉండి, ఒక చోట దాటగానే ఒక్కసారిగా సున్నా అయింది. అక్కడ చూస్తే వెంట్రుక మందాన చీలిక. ఆద్య కూర్చునే వైపు, సరిగ్గా దాని తల వెనక.

మావాడి చెయ్యి వణుకుతుంది, కంప్యూటరు చేతులు. రంగు వేసింది నేనే. స్పిరిట్‌తో ఆ చోటు తుడిచాను. గీతకి పైనా కిందా టేపు అంటించి, మధ్యలో సందు వదిలి, సన్న కుంచెతో పలచగా ఒక పూత వేశాను. ఆరాక ఇంకో పూత. కోడలి జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వెచ్చబెట్టి, టేపు మెల్లగా తీశాను. ఒక రోజంతా స్విచ్ జోలికి పోలేదు. తర్వాత మీటరు పెడితే అంకె ఈ చివర నుంచి ఆ చివర దాకా కుదురుగా తగ్గుతూ వచ్చింది. గీత అతుక్కుంది. మావాడు నా చేతికి ముద్దు పెట్టాడు.

ఆ వారం కోడలు ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్ళింది. కారు తాళం మావాడి జేబులోనే ఉంది. ఇవి ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగినదానికి ఎవరో ఒకరు కారణమని నేను చాలా వెతికాను.

మర్నాడు పొద్దున మంచు బాగా పట్టింది. ఎదురు టవరు కూడా కనపడటం లేదు. ముగ్గురం కారెక్కాం. మావాడు స్విచ్ వేశాడు. కాసేపటికి అద్దం పైనా కిందా విడింది. ఆ పట్టీ విడలేదు. నేను వేలు పెట్టి చూశాను. గీత వేడిగా ఉంది, పక్క గీతలు ఎంత వేడిగా ఉన్నాయో అదీ అంతే. వేడి తగులుతోంది, ఆవిరి మాత్రం కదలడం లేదు.

ఆ ఆవిరిలో ఒక మాట ఉంది. వేలితో రాసినట్టు. బాపమ్మ అని.

గుండ్రాలు పొందిగ్గా ఉన్నాయి. తలకట్లు అక్షరాలకు అంటకుండా పైన విడిగా, కుడి పక్కకి ఒరిగి ఉన్నాయి.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. పిల్ల షూ లేసు కట్టుకుంటోంది, ఇంకా చూడలేదు. నేను శాలువా కొసతో ఆ పట్టీ మొత్తం తుడిచేశాను. నేనే తుడిచానని తెలిసి ఆద్య దారంతా ముఖం తిప్పుకుని కూర్చుంది. స్కూలు వచ్చేసరికి పట్టీ మళ్ళీ తెల్లబడింది గానీ అక్షరాలు లేవు.

ఇంటికొచ్చాక ఆలోచించాను. వేలి జిడ్డు అద్దం మీద ఉంటే ఆవిరి పట్టినప్పుడల్లా పాత గీతలు తేలతాయని మావాడే ఒకసారి చెప్పాడు. సరే, కానీ ఎవరి వేలు? ఆవిడ ఈ కారు ఎక్కలేదు. పైగా ఆ చోటు నేను స్పిరిట్‌తో తుడిచాను. కోడలు ఊళ్ళో లేదు, ఉన్నా ఇంగ్లీషు చదువు చదివిన పిల్ల, తెలుగులో సంతకం కూడా చేయదు. మావాడి రాత నాకు తెలుసు, కోడి గీరినట్టు ఉంటుంది. పాత యజమాని పంజాబీ.

ఇక మిగిలింది ఆద్య. మూడేళ్ళప్పుడు అమ్మమ్మ నేర్పినవి గుర్తుండి రాసిందేమోనని, ఆ మధ్యాహ్నం పలక తెచ్చి ముందు పెట్టాను. అమ్మమ్మ నేర్పిన అక్షరం ఒక్కటి రాయమన్నాను. ఏబీసీడీలు రాసింది, స్కూల్లో నేర్పిన హిందీ అక్షరాలు రాసింది. నేను 'అ' రాసి చూపిస్తే, నత్త బొమ్మా అని అడిగింది.

ఈ సంగతి మావాడికి చెప్పలేదు. ఆవిరి పోవడం లేదని మాత్రమే చెప్పాను. వాడు మళ్ళీ మీటరు పెట్టాడు. అంకె చక్కగా తగ్గుతోంది. "గీత బాగానే ఉందమ్మా, ఎందుకు పోవట్లేదో అర్థం కావట్లేదు" అన్నాడు. నా తృప్తి కోసం ఇంకో పూత వేశాను. అద్దమంతా లోపలా బయటా వెనిగర్ నీళ్ళతో కడిగి, పాత పేపరుతో అరగంట రుద్దాను. నా పనిలో లోటు వెతకడానికి ఇక చోటు లేదు.

పూత ఆరాక మళ్ళీ బయల్దేరాం. మంచు అలాగే ఉంది. స్విచ్ వేశాడు, పైనా కిందా విడింది, మధ్య పట్టీ నిలిచింది. అదే చోట అదే మాట, అవే ఒరిగిన తలకట్లు. ఈసారి పిల్ల నాకంటే ముందే చూసింది.

అప్పటికే అది వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద ఉంది. నేను కొంగు తీశాను. కానీ దాని ముఖం చూసి చెయ్యి ఆగింది. అమ్మమ్మ ఉన్న రోజుల్లో ఫోన్లో ఆవిడ కనిపిస్తే పెట్టే ముఖం అది. నాకు ఎప్పుడూ పెట్టలేదు.

వేలు అద్దానికి తగలకుండా, అక్షరాల కింద గాలిలో జరుపుతూ, కూడబలుక్కుని చదివింది.

"బాప్... అమ్మ. బాపమ్మ."

నేను ఆ మాట పైకి అనలేదు. మావాడు ముందు సీట్లో ఉన్నాడు, వాడి అద్దంలో ఏమున్నా తిరగబడే కనపడుతుంది. పిల్లకి తెలుగు అక్షరం రాదని నేనే పలక పెట్టి చూశాను. అయినా చదివింది. చదివి నా వైపు తిరిగింది.

"దాదీ, బాప్ కీ అమ్మ... మతలబ్ ఆప్? ఆప్ బాపమ్మ హో?"

బాప్ అంటే హిందీలో తండ్రి. తండ్రికి అమ్మ బాపమ్మ, అంటే నువ్వేనా అని అడుగుతోంది. మామ్మ అని ఇన్నేళ్ళు చెప్పినా ఎక్కనిది, ఢిల్లీలో పుట్టిన పిల్లకి ఆ కరీంనగర్ మాట ఒక్క క్షణంలో విడిపోయింది. నువ్వెవరో ఇప్పుడు తెలిసిందన్నట్టు నా వంక చూసింది. ఇన్నాళ్ళూ దాదీ అంటే దానికి ఎదురు ఫ్లాటు ముసలావిడ, పార్కులో కూర్చునే ముసలావిడ, నేను, అందరమూ ఒకటే.

కాదు, నేను మామ్మని అని నోటిదాకా వచ్చింది.

"అవును" అన్నాను.

"బాపమ్మా" అని పిలిచి, సీట్లో తిన్నగా కూర్చుని, నా చేతి కింద దూరింది. తనంతట తను అలా రావడం అదే మొదటిసారి.

"అరే, విడిపోయిందమ్మా, వెనక మొత్తం కనిపిస్తోంది" అన్నాడు మావాడు. నేను తల తిప్పి చూశాను. ఆవిరి పిల్ల వైపు నుంచి మొదలై నా వైపుకి పోతోంది, ఎవరో గుడ్డతో తుడుస్తున్నంత నెమ్మదిగా. తలకట్లు అన్నిటికంటే ఆఖరున పోయాయి.

తర్వాత మావాడిని మాటల్లో మాటగా అడిగాను. పట్టీలో ఏవో వంకర గీతలు కనిపించాయని, ఆద్య గీసిందనుకున్నానని చెప్పాడు. కాబట్టి అక్కడ ఏదో ఉన్న మాట నిజం, నేను ఒక్కదాన్నే చూడలేదు. మూడో పూత ఆలస్యంగా పట్టుకుని ఉంటుందని వాడి లెక్క. మొదటి రోజే గీత వేడిగా ఉంది కదరా అంటే, ఏమోనమ్మా అన్నాడు. కోడలికి చెబితే ఏడ్చింది. నేను ఏడవలేదు.

ఆ చలికాలం అంతా, ఈ చలికాలం ఇప్పటివరకూ, ఆ గీత మిగతా గీతల్లాగే పని చేస్తోంది. మంచు ఎంత పట్టినా అక్కడ ఆవిరి నిలవడం లేదు. మిగిలిన రంగు సీసా మూత బిగించి దాచాను, మళ్ళీ అవసరం పడలేదు. ఆద్యకి నేను పలక మీద అక్షరాలు నేర్పుతున్నాను. ఇప్పటికి 'ఎ' దాకా వచ్చింది. ఆ రోజు ఎలా చదివావంటే, చదవలేదు, వినపడింది అంటుంది. ఎవరి గొంతు అని నేను అడగలేదు. నాకు తెలుసుకోవాలని లేదు.

ఇప్పుడు ఇంట్లో, లిఫ్టులో, పార్కులో పది మంది ముందు బాపమ్మా అని కేకేస్తుంది. ఆ మాటకి అర్థమేమిటని మా టవరులో విజయవాడ వాళ్ళు అడుగుతారు. చెబుతాను. పిల్ల పిలిస్తే పలుకుతాను. పలికిన ప్రతిసారీ ఫోన్లో ఆవిడ నవ్విన నవ్వు వినిపిస్తుంది.

వేడెక్కిన గీత మీద ఆవిరి ఎలా నిలిచిందో, కడిగిన అద్దం మీద ఆ రాత ఎలా వచ్చిందో, రాని అక్షరాలు పిల్లకి ఎలా వినపడ్డాయో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా చెబితే వింటాను. నాకు అంతుపట్టనిది ఇంకొకటి ఉంది. అన్న మాట నిలబెట్టుకోవడానికి అంత దూరం నుంచి వచ్చినావిడ, నా కోసమే వచ్చినావిడ, నా మాటే రాసి ఉంటే ఏం పోయేది? రెండూ చివరికి 'మ్మ' దగ్గరే కదా ఆగుతాయి.